అప్‌డేట్: బెల్లం గానుగ పొగను చవక సెన్సర్లతో కొలవడం

చిత్తూరు దగ్గర మా ఊరి బెల్లం గానుగల పొగలో కార్బన్ మోనాక్సైడ్‌ను (మంట సరిగా మండనప్పుడు వచ్చే విషవాయువు) ఎంక్యూ-7 అనే చవక సెన్సర్‌తో కొలవవచ్చునా అని లోగడ అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఇప్పటివరకు తేలిన సంగతులు రాస్తున్నాను.

ఎంక్యూ-7ను పక్కన పెట్టేశాను. దాని కొలత సుమారు 20 పీపీఎం (పది లక్షల పాళ్లలో 20 పాళ్లు) నుంచి మొదలవుతుంది. మన జాతీయ ప్రమాణమేమో గంట సగటున ఘనపు మీటరుకు 4 మిల్లీగ్రాములు, అంటే సుమారు 3.5 పీపీఎం మాత్రమే. కనుక ఇళ్ల దగ్గరి గాలి గురించి అది ఏమీ చెప్పలేదు. పైగా పెనం నుంచి లేచే ఆవిరికి దాని రీడింగు మారిపోతుంది. ఇప్పుడు వాయువు రసాయన చర్య వల్ల పుట్టే కరెంటును కొలిచే ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ వాడుతున్నాను. అది హైడ్రోజన్‌కూ కొంత స్పందిస్తుంది గనుక ఆ అంకెలను గరిష్ఠ అంచనాగానే చూస్తున్నాను.

అన్నిటికన్నా పనికొచ్చిన సలహా, పక్కనే ఎన్‌డీఐఆర్ (పరారుణ కాంతితో కొలిచే) కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ పెట్టి, బయటి గాలిలో మామూలుగా ఉండే సుమారు 420 పీపీఎం తీసేసి, కార్బన్ డయాక్సైడ్‌తో పోల్చి కార్బన్ మోనాక్సైడ్ నిష్పత్తి చూడమన్నది. పొగ ఎంత పలచబడినా ఈ నిష్పత్తి పెద్దగా మారదు కాబట్టి, గాలి వేగం తెలియకపోయినా పొయ్యి ఎంత బాగా మండుతోందో తెలుస్తుంది; నిష్పత్తి తక్కువైతే మంట బాగున్నట్టు. తడి చెరకు పిప్పి ఎగదోసిన వెంటనే ఆ నిష్పత్తి పెరగడం, ఎండు పిప్పిని కొంచెం కొంచెంగా వేస్తే తగ్గడం గానుగ యజమానికి చూపించాను. "అట్లయితే బాగా ఎండినాకే వేస్తాం నాయనా" అన్నారాయన.

తిరుపతిలోని ప్రభుత్వ గాలి పరిశీలన కేంద్రం పక్కన మా సెన్సర్లను ఉంచి సరిచూసుకోవడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టాను. అది పూర్తయ్యేవరకు ఈ అంకెలను ఎవరి మీదా ఫిర్యాదుకు వాడను.