హైస్కూల్‌కి మామూలు బడా, ప్రత్యేక బడా?

నిద్రపట్టని అమ్మ:
మా బాబుకి డిస్లెక్సియా. నోటితో చెప్తే ఇట్టే పట్టేస్తాడు, చదవమంటేనే చెమటలు. వచ్చే ఏడాది హైస్కూల్. నలుగురితో కలిసి పెరగాలి, మామూలు బడే అంటారు మావారు. పిల్లలు తక్కువుండే ప్రత్యేక బడి నయమని నాకనిపిస్తోంది. ఇంట్లో రోజూ ఇదే రగడ. మీరైతే ఏం చేస్తారు?

లెక్కల మాస్టారు:
మామూలు బడే అమ్మా, సందేహం వద్దు. 1994లో స్పెయిన్‌లోని సాలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు కూర్చుని బలమైన కారణం ఉంటే తప్ప పిల్లలందరినీ మామూలు బడుల్లోనే కలిపి చదివించాలని ప్రకటించారు. దివ్యాంగుల హక్కుల మీద 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం, 24వ అధికరణంలో, అదే మాట చెప్పింది. డిస్లెక్సియాకీ తెలివికీ సంబంధం లేదు. వాడి హక్కుని మనమే వదిలేసుకుంటే ఎలా?

ఇద్దరు పిల్లల తల్లి:
మాస్టారూ, చేర్చుకోవడం వేరు, చదివించడం వేరు. మా అమ్మాయికి మామూలు బడిలో సీటిచ్చారు, వెనక బెంచీలో. బోర్డు మీదది సగం ఎక్కించుకునేలోపే చెరిపేసేవారు. పైగా బద్ధకమని పేరు! ప్రత్యేక బడికి మార్చాక ఆ టెన్షన్ పోయింది. ఇప్పుడు పేరా మొత్తం తనే పైకి చదువుతుంది.

రిసోర్స్ టీచర్:
ఇద్దరూ గేటు మీది పేరు చూసి వాదించుకుంటున్నారు. ప్రైమరీలో రోజంతా దాదాపు ఒకే టీచర్ కాబట్టి ఆవిడకి పిల్లాడి సంగతి తెలుస్తుంది. హైస్కూల్లో గంట కొడితే మనిషి మారతారు. కాబట్టి ఏ బడికెళ్లినా ముందు ఇది అడగండి: మా బాబు డిస్లెక్సియా రిపోర్టు సైన్స్ టీచర్ చేతికి ఎప్పుడొస్తుంది, ఎవరిస్తారు? "మాకు పిల్లలందరూ సమానమే" అన్నారంటే లేచి వచ్చేయండి. అందరికీ ఒకే ప్రశ్నపత్రం, ఒకే టైమ్ ఇవ్వడం సమానత్వం కాదు.

విడిగా కూర్చోబెట్టి చదివిస్తాం అంటే, ఏ పీరియడ్‌లోంచి తీసుకెళ్తారో అడగండి. చాలాచోట్ల డ్రాయింగ్ పీరియడో ఆటల పీరియడో కోసేస్తారు. పిల్లాడు తలెత్తుకు తిరిగేది ఆ ఒక్క గంటే అయితే, అదీ లాక్కున్నాక చదువంటే మంట పుట్టదా?

పరీక్షలో అదనపు టైమ్, చదివి వినిపించే మనిషి, రాసిపెట్టే మనిషి కావాలంటే డిస్లెక్సియా ఉందని చూపే కాగితాలు ముందునుంచే ఉండాలి. ఆఖరి ఏడాది పరుగెడితే కష్టం. ప్రత్యేక బడి అయితే ఏ తరగతి వరకు ఉంది, చివర్లో ఏ పరీక్ష రాయిస్తారు, లెక్కలూ సైన్సూ పూర్తిగా చెప్తారా అన్నది తేల్చుకోండి. చూడ్డానికి మామూలు రోజే వెళ్లండి. ఇంటర్వెల్ దాకా ఉండండి, పిల్లలు ఒకరినొకరు ఎలా పిలుచుకుంటున్నారో చెవిన పడుతుంది.

లెక్కల మాస్టారు:
ఆ ఒక్క మాటకే లేచి వచ్చేస్తే ఎక్కడా సీటు దొరకదు టీచరుగారూ. మాలో చాలామందికి ఈ పిల్లలకి ఎలా చెప్పాలో ఎవరూ నేర్పలేదు. తల్లిదండ్రులు వచ్చి చెప్తే నేర్చుకునేవాళ్లున్నారు.

ఇద్దరు పిల్లల తల్లి:
మీరు నేర్చుకునేలోపు మా పిల్లకి ఏడాది పోతుంది మాస్టారూ.

నిద్రపట్టని అమ్మ:
మావాడికి డ్రాయింగంటే ప్రాణం, అది నాకు తట్టనే లేదు! రెండు బడుల్లోనూ ఇవే ప్రశ్నలు అడుగుతాను, మావారిని కూడా లాక్కెళ్తాను. బాబుని మొదటిసారే తీసుకెళ్లాలా, మేం చూసొచ్చాకా?

రిసోర్స్ టీచర్:
మీరు చూసొచ్చాకే. మీకు నచ్చని బడి వాడికి చూపించకండి.