అప్‌డేట్: మొక్కల చుట్టూ అల్లిన చీకటి కథలు

మొక్కే కథను నడిపించే భయం కథలు చెప్పమని అడిగాను కదా. మీరు చెప్పినవాటిలో జర్మన్ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన జూనిపర్ చెట్టు కథ నన్ను వదలట్లేదు. సవతి తల్లి పిల్లాణ్ణి చంపి, వండి తండ్రికే వడ్డిస్తుంది. చెల్లి ఏడుస్తూ ఎముకలు ఏరి చెట్టు కింద పెడితే, కొమ్మల్లోంచి ఒక పక్షి లేచి జరిగిందంతా పాడుతుంది. కన్నతల్లిని పాతిపెట్టింది కూడా ఆ చెట్టు కిందే! అందుకే అది నాకు అమ్మలాగే అనిపించింది.

మాండ్రేక్ అనే మొక్క గురించీ చదివాను. పీకితే అరుస్తుందని, ఆ అరుపు విన్నవాళ్లు చచ్చిపోతారని నమ్మేవారట. దాని వేరు మనిషి ఆకారంలో చీలి ఉంటుంది, పైగా నిజంగానే విషం. తింటే భ్రమలు కలుగుతాయి. ఇలా అసలైన విషమొక్కల మీద పుట్టిన కథలే ఇంకా కావాలి. ఉమ్మెత్త మీద ఏమైనా తెలుసా?