ప్రోస్టేట్ వాపుకు బొటాక్స్ ఇంజెక్షన్ పనిచేస్తుందా?

కందుకూరు నుంచి ప్రశ్న:
మా నాన్నగారికి 68 ఏళ్లు. ప్రోస్టేట్ గ్రంథి పెరగడంతో రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవవలసి వస్తోంది, ధార కూడా సన్నబడింది. ఆపరేషనంటే భయపడే ఆయనకు, గ్రంథిలోకి బొటాక్స్ ఎక్కిస్తే చాలని ఎవరో చెప్పారు. నెల్లూరు తీసుకువెళ్లే ముందు ఇందులో నిజమెంతో తెలుపగలరు.

ఒంగోలు నుంచి జవాబు:
ఆ మందు నరాల చివర ఎసిటైల్‌కోలిన్ అనే సంకేత రసాయనం విడుదలను అడ్డుకుంటుంది కాబట్టి గ్రంథి కుంచించుకుపోతుందని తొలినాళ్లలో వైద్యులు ఆశపడ్డారండీ. కానీ 380 మంది పురుషులపై జరిపి 2013లో ప్రచురించిన పరీక్షలో, 12 వారాల తర్వాత ఆ మందు తీసుకున్నవారికీ, మందు లేని ఉత్త ఇంజెక్షన్ తీసుకున్నవారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఉత్త సూదికే చాలామందికి ఉపశమనం కలిగింది, అందుకే నోటిమాటగా వినే అనుభవాలను నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దని నా మనవి. ఐరోపా యూరాలజీ సంఘం మార్గదర్శకాలు కూడా ఈ చికిత్స వద్దనే చెబుతున్నాయి.

కావలి నుంచి జవాబు:
వారు విన్నది బహుశా మూత్రాశయంలోకి ఇచ్చే బొటాక్స్ గురించి కావచ్చు. మాత్రలకు లొంగని, ఆపుకోలేని మూత్ర సమస్యకు దానిని అమెరికాలో 2013లో అనుమతించారు. అయితే దానివల్ల కొందరికి మూత్రం బిగుసుకుపోతుంది గనుక, ధార ఇప్పటికే సన్నబడిన మీ నాన్నగారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ప్రోస్టేట్ దగ్గరి కండరాలను సడలించే టామ్సులోసిన్ వంటి మాత్రలు వాడి చూశారా?

కందుకూరు నుంచి:
ఇంకా లేదండీ. మూత్రధార వేగం, మూత్రాశయంలో మిగిలే నిల్వ పరీక్షలు చేయించి, మాత్రల గురించి ముందుగా యూరాలజిస్టును అడుగుతాను.