ఎకనామిక్స్ నోబెల్ అర్హులకే వస్తోందంటారా?

అమలాపురం_బీఏ:
అందరికీ నమస్కారం అండి. బీఏ ఎకనామిక్స్ ఫైనల్ ఇయర్ చదువుతున్నా. 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ క్రెమర్‌లకి ప్రైజ్ ఇచ్చారు కదా, పేదరికం మీద ఊళ్ళలో ప్రయోగాలు చేసి ఏ పథకం పనిచేస్తుందో తేల్చారని. మా క్లాసులో సగం మంది సరైనదే అంటున్నారు, మిగతావాళ్ళు పప్పు పంచి టీకాలు వేయిస్తే నోబెల్ ఇచ్చేస్తారా అంటున్నారు. అసలు నోబెల్ వీలునామాలో ఈ ప్రైజే లేదు, 1968లో స్వీడన్ సెంట్రల్ బ్యాంకు పెట్టింది అని ఇంకొకడి వాదన. ఎవరు పెడితే ఏంటండి, వీళ్ళు కనిపెట్టింది మన డెల్టాలో కౌలు రైతుకి అక్కరకొస్తుందా లేదా, నాకు అది కావాలి. మీరేమంటారు?

తణుకు మాస్టారు:
పప్పు సంగతి అంత తేలిగ్గా తీసెయ్యకు బాబూ. రాజస్థాన్‌లో ఉదయపూర్ జిల్లా పల్లెల్లో చేశారది. ఏమీ చెయ్యని ఊళ్ళలో టీకాలన్నీ పూర్తయిన పిల్లలు 6 శాతమే. నెలనెలా తప్పకుండా క్యాంపు పెట్టిన ఊళ్ళలో 18 శాతం, క్యాంపుతో పాటు ప్రతి టీకాకీ కిలో పప్పు, అన్నీ అయ్యాక కంచాలు ఇచ్చిన చోట 39 శాతం. నర్సమ్మ ఉంటుందో లేదో తెలీని చోటికి కూలి మానుకుని పిల్లని ఎత్తుకెళ్ళాలంటే ఎవరికైనా కష్టమే కదా, పల్లెటూరోళ్ళకి తెలివి లేదనే మాటకి అంతకంటే గట్టి జవాబు నేను చూడలేదు. హైదరాబాద్‌లో కూడా 104 బస్తీలు తీసుకుని సగం చోట్ల ముందుగా మైక్రోఫైనాన్స్ బ్రాంచీలు తెరిపించి చూశారు. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్ళు కాస్త పెట్టుబడి పెంచుకున్నారు గానీ ఇంటి ఖర్చూ, పిల్లల చదువూ, ఆడవాళ్ళ మాట చెల్లుబాటూ ఏమీ మారలేదు. చిన్న అప్పులిస్తే పేదరికం పోతుందని ప్రపంచమంతా నమ్మిన రోజుల్లో ఆ మాట లెక్కలతో చెప్పడానికి ధైర్యం కావాలి.

రాజోలు_శివారు:
మాస్టారూ మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, నేను ఒప్పుకోను. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని సార్వా (వానాకాలం వరి) నాట్లే మానేశారు. ఖర్చు పెరిగిపోయింది, ధర లేదు, డ్రెయిన్లు లాగక చేలు మునుగుతున్నాయి, ఇది ఏ ఊళ్ళో పప్పు పంచితే తేలుతుంది చెప్పండి. ఫలానా వాడు కౌలుదారుడని సర్కారిచ్చే కౌలు కార్డు కావాలంటే, రాష్ట్రం 2019లో చేసిన చట్టం ప్రకారం భూమి యజమాని సంతకం పెట్టాలి, ఎంతమంది పెడతారు? పంట పోయినా కౌలు బస్తాలు మాత్రం కొలవాలి. కార్డు లేకపోతే బ్యాంకు అప్పూ రాదు నష్టపరిహారమూ రాదు. 2015లో ఇదే ప్రైజ్ తీసుకున్న ఆంగస్ డీటన్ కూడా ఈ ప్రయోగాలకి ఇంత పెద్దపీట వెయ్యడం తప్పనే రాశాడు, ఒక ఊళ్ళో పనిచేసింది ఇంకో ఊళ్ళో ఎందుకు పనిచేస్తుందో తెలియకపోతే ఏం లాభం అని. పెద్ద ప్రశ్నలు వదిలేసి చిన్నవి పట్టుకున్నారని నా బాధ.

తణుకు మాస్టారు:
పెద్ద ప్రశ్న కూడా పట్టుకున్నారండి. డఫ్లో, రోహిణి పాండే కలిసి 2007లో మన దేశంలో ఆనకట్టల మీద పేపరు వేశారు. అది ప్రయోగం కాదు, నదుల వాలుని బట్టి వేసిన లెక్క. దిగువ జిల్లాల్లో పంట పెరిగింది పేదరికం తగ్గింది, ఆనకట్ట కట్టిన జిల్లాలోనేమో పేదరికం పెరిగింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట అయిన దగ్గర్నుంచీ దిగువన ఉండి బాగుపడింది మనమే, ఇప్పుడు పోలవరానికి ఊళ్ళొదిలి పోతున్నది ఏజెన్సీ గిరిజనులు. మన గట్టున కూర్చుని ఆ పేపరు చదవాలండి.

ఆకివీడు_ఆడపడుచు:
మీ ఇద్దరూ 2019 దగ్గరే ఆగిపోయారు. నన్నడిగితే అన్నిటికంటే అర్హత ఉన్న ప్రైజ్ 2009లో ఎలినార్ ఓస్ట్రామ్‌ది, ఎకనామిక్స్‌లో మొదటి మహిళ, ఆవిడ చదివింది పొలిటికల్ సైన్స్. నేపాల్‌లో రైతులే నడుపుకునే కాలువలు, సర్కారు నడిపేవి పక్కపక్కన పెట్టి చూసింది. రైతుల కాలువల్లోనే శివారుకి, అంటే కాలువ చివరి పొలాలకి, నీళ్ళు బాగా అందుతున్నాయి. కారణం ఏంటంటే మట్టీ రాళ్ళూ వేసి కట్టిన కాలువ తల దగ్గర ఏటా మరమ్మతుకి శివారు వాళ్ళ రెక్కలు కావాలి, అందుకే పైవాళ్ళు వాళ్ళకి నీళ్ళొదులుతారు. కాంక్రీటు కట్టేశాక ఆ అవసరం పోయి శివారుకి నీళ్ళు తగ్గిపోయిన చోట్లున్నాయి. ఇది చదివినప్పుడు నాకు మా పొలాల పిల్లకాలువ, మా బోదే కళ్ళముందు కనపడింది అన్నయ్యా. దాళ్వాలో (రెండో పంట వరికి) నీళ్ళకి వంతు పెడితే మా వంతు వచ్చేసరికి పైన ఇంజన్లు పెట్టి తోడేస్తారు, ఉన్న నీళ్ళకి గుర్రపుడెక్క అడ్డం, కాలువ కాసే లస్కరు ఒక్కడు ఎన్ని తూములు కాస్తాడు. 1997 చట్టంతో నీటి సంఘాలు పెట్టారు గానీ మా దగ్గర పైవాళ్ళకి మాతో పనేముంది?

అమలాపురం_బీఏ:
అక్కా ఇది అసలు మా సిలబస్‌లో లేదు. అయితే శివారు వాళ్ళతో పైవాళ్ళకి అవసరం ఎలా పుట్టించాలి?

ఆకివీడు_ఆడపడుచు:
పూడిక తీసే పని కాంట్రాక్టుకి ఇవ్వకుండా సంఘానికే ఇచ్చి, పై ఊరూ కింద ఊరూ కలిసి చేస్తేనే బిల్లు అని పెట్టాలి తమ్ముడూ. కాలువలకి నీళ్ళు ఆపేసిన నెలల్లోనే ఆ పని జరగాలి.

రాజోలు_శివారు:
ఓస్ట్రామ్‌కి ఇచ్చింది నేనూ ఒప్పుకుంటా చెల్లెమ్మా, ఆవిడ రైతుని అడిగి తెలుసుకుంది. 2019 ప్రైజ్ మీద మాత్రం నా మాట అదే. కౌలుదారుడికి కార్డు ఎలా ఇప్పించాలో తేల్చినవాడికి ప్రైజ్ ఇచ్చిన రోజున నేనే చప్పట్లు కొడతా.