ఐపీ ఇచ్చినా పింగ్ వెళ్లడం లేదు, పొద్దుటి నుంచి ఇదే పని

(లినక్స్ గ్రూపులో సాగిన మాటలివి; ఎవరి మాటకు ముందు వాళ్ల ఊరి పేరు ఉంది.)

చీమకుర్తి: పొద్దున ఏడింటికి కూర్చున్నాను, పన్నెండయింది. గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో కొత్త లినక్స్ సిస్టమ్. ఐపీ (నెట్‌వర్క్‌లో సిస్టమ్ అడ్రస్) ఇచ్చాను, కేబుల్ మార్చాను, నెట్‌వర్క్ స్విచ్ ఆపి మళ్లీ వేశాను. పింగ్ (అవతలి సిస్టమ్ పలుకుతుందో లేదో చూసే కమాండ్) వెళ్లడం లేదు. గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి చూపే అడ్రస్) పెట్టబోతే 'నెక్స్ట్‌హాప్ హాజ్ ఇన్‌వాలిడ్ గేట్‌వే' అంటోంది. పక్క సిస్టమ్‌లో స్లాబుల కొలతల లిస్టు ఉంది, అది తీస్తే గానీ లారీ కదలదు. డ్రైవరు రెండుసార్లు వచ్చి అడిగిపోయాడు. ఒకటే టెన్షన్. ఎవరైనా చెప్పండన్నా.

కావలి: ఏ కమాండ్ కొట్టారు? ఉన్నదున్నట్టు పెట్టండి.

ఒంగోలు: ఐఎఫ్‌కాన్ఫిగ్ (ఐపీలు ఇచ్చే పాత కమాండ్) వాడి ఉంటారు. దాన్ని ఇక వదిలేయండి. అది ఉండే నెట్‌టూల్స్ ప్యాకేజీని డెబియన్ అనే లినక్స్ రకం 2017లో వచ్చిన 9వ వెర్షన్ నుంచే మామూలు ఇన్‌స్టాల్‌లో ఇవ్వడం మానేసింది. ఒకే నెట్‌వర్క్ కార్డుకు రెండు ఐపీలు ఇస్తే రెండోది అందులో కనపడకపోవచ్చు కూడా. 'ఐపీ' కమాండ్ నేర్చుకోండి.

కందుకూరు: ఐఎఫ్‌కాన్ఫిగ్ 1983లో 4.2బీఎస్‌డీ అనే యూనిక్స్ వెర్షన్‌తో వచ్చింది. దాని వారసుల్లో ఒకటైన ఫ్రీబీఎస్‌డీలో ఈరోజుకీ అదే వాడతాం. పాతబడింది లినక్స్‌లోనే, ఆ మాట చెప్పండి. ఇంకోటి, ఐపీ ఇచ్చేది కార్డుకు కాదు, ఇంటర్‌ఫేస్‌కు (సిస్టమ్ నెట్‌వర్క్‌ను చూసే ద్వారం). 127.0.0.1 ఉన్న 'ఎల్ఓ' (సిస్టమ్ తనతో తనే మాట్లాడుకునే ఇంటర్‌ఫేస్)కు కార్డేది?

ఒంగోలు: ఫ్యాక్టరీలో ఉన్నాయనకు అర్థం కావాలని కార్డు అన్నాను.

చీమకుర్తి: సార్, నేను ఐపీ కమాండే కొట్టాను. 'ఐపీ అడ్రస్ యాడ్ 192.168.1.50 డెవ్ ఇఎన్‌పీ3ఎస్0'. చివరిది మా ఇంటర్‌ఫేస్ పేరు. కేబుల్ దగ్గర లైటు కూడా వెలుగుతోంది.

కావలి: ఐపీ చివర /24 లేదు; పక్కన ఎంత వరకు తన నెట్‌వర్కో చెప్పే అంకె అది. అది రాయకపోతే /32గా తీసుకుంటుంది. అంటే తను తప్ప పక్కన ఎవరూ లేరనుకుంటుంది. గేట్‌వే 192.168.1.1 ఎటుందో ఇక దానికేం తెలుస్తుంది? 'ఐపీ అడ్రస్ డెల్ 192.168.1.50/32 డెవ్ ఇఎన్‌పీ3ఎస్0' కొట్టి, /24తో మళ్లీ ఇవ్వండి. తర్వాత 'ఐపీ రూట్ యాడ్ డిఫాల్ట్ వయా 192.168.1.1'. అన్నిటికీ ముందు సుడో (అడ్మిన్ హక్కుతో నడపమని చెప్పే మాట) పెట్టండి.

కందుకూరు: /24 అంటే 255.255.255.0. ఐఎఫ్‌కాన్ఫిగ్ అయితే 192.168తో మొదలయ్యే ఐపీలకు ఆ మాస్క్ తనే వేసుకునేది.

చీమకుర్తి: పింగ్ వెళ్తోంది! లిస్టు తీస్తున్నా. థాంక్స్ అన్నా.

ఒంగోలు: ఆగండి. ఇలా ఇచ్చింది రీబూట్ అయితే పోతుంది. మధ్యాహ్నం కరెంటు పోయి వస్తే మళ్లీ మొదటికే. ఉబుంటు సర్వర్ (ఇంకో లినక్స్ రకం) అయితే నెట్‌ప్లాన్ (నెట్‌వర్క్ సెట్టింగులు దాచే) ఫైల్‌లో రాయండి, ట్యాబ్ కొట్టొద్దు, స్పేస్‌లే. 'నెట్‌ప్లాన్ ట్రై' కొట్టాక 120 సెకన్లలో ఎంటర్ నొక్కకపోతే పాత సెట్టింగే వస్తుంది కాబట్టి భయం లేదు. ఇంతకీ మీది ఉబుంటునా, డెబియనా?