నాన్న గన్ లైసెన్స్‌కి పెడతానంటున్నారు, విశ్వాసులం మనం ఉంచుకోవచ్చా?

పలాస తమ్ముడు:
అందరికీ వందనాలు. మాది పలాస దగ్గర, మూడు తరాలుగా బాప్టిస్టులం, నాన్నది జీడిపప్పు వ్యాపారం. సీజన్‌లో పిక్కలు కొన్నప్పుడు రైతులకి క్యాష్ ఇవ్వాలి కాబట్టి ఇంట్లో డబ్బుంటాది, ఆ సంగతి ఊరందరికీ తెల్సు. పోయిన నెల మా పక్క వీధిలో రాత్రి రెండింటికి దొంగలు దూరి ముసలాళ్లిద్దర్నీ తాళ్లతో కట్టీసి ఉన్నదంతా పట్టుకుపోయారు. అప్పట్నుంచి అమ్మకి నిద్ర లేదు, కుక్క మొరిగితే లేచి కూర్చుంటాది, నాన్నేమో రివాల్వర్ లైసెన్స్‌కి అప్లై చేసేస్తానంటున్నారు.

మా బావ టెక్సస్‌లో ఉంటాడు. వాళ్ల చర్చిలో ఆదివారం ఆరాధనకి కొంతమంది నడుముకి గన్ పెట్టుకునే వచ్చి కూర్చుంటారంట, సెక్యూరిటీ టీమ్ అని. 2017లో అక్కడ సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో 26 ప్రాణాలు పోయాయి, 2019 డిసెంబర్‌లో వైట్ సెటిల్‌మెంట్ అనే ఊరి చర్చిలో ఒకడు కాల్పులు మొదలెడితే ఇద్దరు చనిపోయారు గానీ సంఘంలోని వాలంటీర్ ఒకాయన కొన్ని సెకన్లలోనే వాణ్ణి కాల్చి ఆపేశాడు, ఆయన దగ్గర గన్ లేకపోతే ఇంకెంతమంది పోయేవారు అంటాడు బావ. రెండో చెంప చూపించమన్నాడు కదా ప్రభువు అన్నాను. "నీ చెంప నువ్వు చూపించుకో, మీ అమ్మ చెంప చూపించడానికి నువ్వెవడివి" అన్నాడు. వారం రోజులైంది, ఆ మాట నన్ను వదలట్లేదు. మా పాస్టర్ అయ్యగారిని అడిగితే ప్రార్థన చేద్దాం బాబూ అన్నారు. మీరేటంటారు?

సోంపేట బ్రదర్:
తప్పేటుంది తమ్ముడూ, లూకా 22:36 చూడు, కత్తి లేనివాడు బట్ట అమ్ముకునైనా కత్తి కొనుక్కోమని ప్రభువే చెప్పాడు. నెహెమ్యా 4లో గోడ కట్టినవాళ్లు ఒక చేత్తో పని, ఒక చేత్తో ఆయుధం. తోడేలు వస్తే గొర్రెల్ని వదిలి పారిపోయేవాడు జీతగాడు అని యోహాను 10లో ఉంది. ఇంటిపెద్ద జీతగాడు కాకూడదు కదా. పెట్టమను నాన్నగారిని.

శ్రీకాకుళం అడ్వకేట్:
నేనూ సంఘం మనిషినే, ముందు చట్టం సంగతి చెప్తాను, ఎందుకంటే టెక్సస్ ముచ్చట ఇక్కడ పనికిరాదు. అమెరికాలో ఆయుధం ఉంచుకోడం రాజ్యాంగంలోనే హక్కు, 1791 నుంచి ఉంది. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం, అది హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చే అనుమతి. 21 ఏళ్లు నిండాలి, కలెక్టర్‌కి అప్లికేషన్, పోలీసు ఎంక్వైరీ, మీ ప్రాణానికి ముప్పేంటో చూపించాలి, అయినా ఇస్తారని నమ్మకం లేదు. ఇచ్చినా ఎలక్షన్ కోడ్ వస్తే స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యమంటారు.

ఆత్మరక్షణ హక్కు మాత్రం లైసెన్స్‌తో సంబంధం లేకుండా అందరికీ ఉంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అందులో 34 నుంచి 44 వరకు సెక్షన్లన్నీ ఇవే. 37వది చాలా ముఖ్యం, కాపాడుకోడానికి ఎంత అవసరమో అంతే, దానికి మించి హాని చెయ్యకూడదు. 41వ సెక్షన్ చదివినప్పుడల్లా నాకు వాక్యం గుర్తొస్తుంది. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం ముందు ఇల్లు పగలగొట్టి దూరినవాణ్ణి ఎదిరించడంలో వాడు చనిపోయినా, 37కి లోబడి, ఆ హక్కు ఉంటుందని అందులో ఉంది. నిర్గమకాండం 22:2, 3 తీసి చూడండి, దొంగ కన్నం వేస్తూ దొరికి దెబ్బకి చస్తే కొట్టినవాడి మీద రక్తాపరాధం లేదు, సూర్యుడు ఉదయించాక అయితే ఉంది. చీకట్లో వాడు డబ్బు కోసం వచ్చాడో ప్రాణం కోసం వచ్చాడో తెలీదు, వెలుగులో తెలుస్తుంది, నేను అర్థం చేసుకున్నది అంతే. డబ్బు కోసం మనిషిని చంపొచ్చని మాత్రం అందులో ఎక్కడా లేదు. మీ నాన్నగారు కాపాడాలనుకుంటున్నది అమ్మగారినా, బీరువానా, అది ఆయన్నే అడగండి.

బొబ్బిలి మాస్టారు (రిటైర్డ్):
సోంపేట బ్రదర్, ఆ వచనం దగ్గరే ఆగిపోకండి, 38 కూడా చదవండి. రెండు కత్తులున్నాయి ప్రభువా అంటే చాలు అన్నాడు. అంతమంది శిష్యులకి రెండు కత్తులు దేనికి సరిపోతాయి? ఆ రాత్రే ప్రభువుని పట్టుకోడానికి వచ్చినప్పుడు పేతురు కత్తి దూసి ప్రధాన యాజకుడి దాసుడు మల్కు కుడి చెవి నరికాడు, ప్రభువు ఆ చెవిని ముట్టి బాగుచేశాడు. సిలువకి ముందు మనకి రాసి ఉన్న ఆఖరి స్వస్థత అదే, అదీ సొంత శిష్యుడు చేసిన గాయానికి. ఇంకోటి చాలామంది గమనించరు, యోహాను 18:26. ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట్లో పేతుర్ని "నిన్ను తోటలో చూశాను కదా" అని నిలదీసినవాడు ఎవరు, ఆ చెవి తెగినవాడి బంధువు. మూడోసారి బొంకింది అతని ముందే. ప్రభువు కోసం చస్తానన్నవాణ్ణి ఆ రాత్రి ఆయన్ని ఎరగనని చెప్పేదాకా తెచ్చినవాటిలో ఆ కత్తి వేటు కూడా ఒకటని నా నమ్మకం, నలభై ఏళ్లు సండే స్కూల్ చెప్పాక కూడా అక్కడికొస్తే నాకు గుండె ఆగినట్టుంటుంది.

మీ బావ ప్రశ్న మటుకు గట్టిది, దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. పాతకాలపు బిషప్ అగస్టీను పబ్లికోలా అనే ఆయనకి రాసిన ఉత్తరంలో, తనని తాను కాపాడుకోడానికి ఇంకొకణ్ణి చంపడం నాకు సమ్మతం కాదన్నాడు, సైనికుడో అధికారం ఉన్నవాడో ఇతరుల కోసం చేస్తే అది వేరు అన్నాడు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే వేదాంతి ఇంకొంచెం దారి ఇచ్చాడు, ఉద్దేశం ప్రాణం కాపాడుకోడమే అయి, అవసరానికి మించి బలం వాడకపోతే పాపం కాదన్నాడు. ఇందాక లాయర్ గారు చెప్పిన 37 కూడా ఇంచుమించు అదే కదా. మెన్నోనైట్లని, ఏ హింసా వద్దనే క్రైస్తవ శాఖ ఉంది, వాళ్లు ఈ రెండూ ఒప్పుకోరు. 1569లో హాలండ్‌లో వాళ్లు ఆదర్శంగా చెప్పుకునే డిర్క్ విలెమ్స్ అనే ఆయన, విశ్వాసం కోసం జైల్లో పెడితే తప్పించుకుని పారిపోతుంటే తరుముకొచ్చినవాడు మంచు పగిలి నీళ్లలో పడ్డాడు, ఈయన వెనక్కొచ్చి వాణ్ణి బయటికి లాగాడు, అందువల్లే పట్టుబడి మంటల్లో సజీవదహనం చెయ్యబడ్డాడు. వాళ్లంత దూరం నేను వెళ్లలేను, మా ఆవిడ మీద ఎవడైనా చెయ్యేస్తే అడ్డం పడతాను, కర్ర దొరికితే కర్ర తీస్తాను. కానీ చంపడానికి తయారు చేసిన వస్తువుని తలకింద పెట్టుకుని "నీవే నా కోట" అని పడుకునే ప్రార్థన చెయ్యమంటే నాకు నోరు రాదు.

మందస అక్క:
తమ్ముడూ, మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా నాన్నకి ఉద్దానంలో జీడి తోట ఉండీది, కొబ్బరి కూడా. ఎలుగుబంట్లు, అడవి పందులు వస్తాయని పంట కాపలాకి లైసెన్స్ తుపాకీ తీసుకున్నారు. ఎలుగుబంటిని కాల్చకూడదు, 1972 వన్యప్రాణి చట్టం ఉన్నాది కదా, గాల్లోకి పేల్చి తరమడానికే. పిల్లలం ఉన్నామని తుపాకీ ఒక బీరువాలో, తూటాలు ఇంకో పెట్టెలో పెట్టి తాళాలు అమ్మ కొంగుకి కట్టీవారు. రాత్రి నిజంగా దొంగొస్తే ఆ రెండు తాళాలు తీసేసరికి తెల్లారిపోను.

మేమంతా టెక్కలి పెళ్లికి వెళ్లినప్పుడు దొంగలు పడ్డారు. నగలు కొన్ని వదిలీసారు గానీ తుపాకీ పట్టుకుపోయారు. ఆ తర్వాత రెండేళ్లు నాన్న స్టేషన్ చుట్టూ తిరిగారు, దొంగల్ని వదిలేసి ఆయన్నే నేరస్తుణ్ణి అడిగినట్టు అడిగీవారు. అదైనా ఓర్చుకున్నారు. కానీ పేపర్లో ఎక్కడ కాల్పులని వచ్చినా నాన్న అన్నం మానీసీవారు, అది నా తుపాకీయేనేమో, ఆ మనిషి రక్తం నా లెక్కలో పడతాదేమో అని. కుటుంబ ప్రార్థనలో రోజూ ఒక మనవి ఉండీది, "ప్రభువా, అది ఏ మట్టిలో ఉన్నా తుప్పు పట్టించు". చనిపోయిన రోజు వరకూ అడిగారు. అది ఇప్పటికీ దొరకలేదు.

పలాస తమ్ముడు:
అక్కా, మీరు రాసింది అమ్మా నాన్నా ఇద్దరికీ చదివి వినిపించాను. నాన్న చాలాసేపు ఏటీ మాట్లాడలేదు. అప్లికేషన్ మానేస్తానని ఇంకా అనలేదు, కానీ ఈ సీజన్ నుంచి రైతులకి బ్యాంకులోనే వేసీద్దాం, ఇంట్లో క్యాష్ ఉంచొద్దు అన్నారు, కొంతమంది రైతులు ఒప్పుకోరు, చూడాలి. వెనకాల తలుపుకి గ్రిల్ పెట్టిస్తున్నాం. మాస్టారూ, బావకి ఆ మల్కు బంధువు సంగతి పంపాను, చదివాడు గానీ ఇంకా జవాబివ్వలేదు, తన ప్రశ్నకి నా దగ్గరా పూర్తి జవాబు లేదు.

ఆ పక్క వీధి ముసలాళ్లని చూడ్డానికి ఇంతవరకు మేమెవరం వెళ్లలేదు, మా భయం మాదే ఐపోనాది. శనివారం సాయంత్రం అయ్యగారితో కలిసి వాళ్లింటికి ప్రార్థనకి వెళ్తున్నాం, కొన్నాళ్లు రాత్రిళ్లు నేను వాళ్ల అరుగు మీద పడుకుంటానని నాన్నకి చెప్పాను.