అప్‌డేట్: అమ్మ తిప్పతీగ కషాయం సంగతి

నెల క్రితం అడిగాను కదా, అమ్మ రెండు నెలలుగా రోజూ పొద్దున్నే తిప్పతీగ కషాయం తాగుతోంది, ఇప్పుడు కళ్లు పచ్చబడ్డాయి, రెండిటికీ సంబంధం ఉంటుందా అని. ఉందనే తేలింది.

లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ 640, అంటే చాలా ఎక్కువ. హెపటైటిస్ టెస్టులన్నీ నెగటివ్. లివర్ డాక్టరు గారు మొదట అడిగిందే "ఆకుపసర్లు, కషాయాలు ఏమైనా వాడుతున్నారా?" అని. అమ్మ చెప్పొద్దన్నట్టు నావైపు చూసింది. నేనే చెప్పేశా.

ఆయన చెప్పాక నేనూ చదివాను. 2021లో ముంబై డాక్టర్లు ఇలాంటివే ఆరు కేసులు రాశారు. మరుసటి ఏడాది దేశంలో 13 ఆసుపత్రుల నుంచి 43 కేసులు. చాలావాటిలో నెలన్నర అటూ ఇటూగా వాడాకే లక్షణాలు మొదలయ్యాయి. ఆటోఇమ్యూన్ జబ్బులు (మన రోగనిరోధక శక్తే మన ఒంటిమీద దాడి చేసేవి) ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలట. అమ్మకి ఉన్నది ఆ రకం థైరాయిడే! ఆ విషయం ఇక్కడ ముందు రాయలేదు, నాదే తప్పు.

ఆయుష్ శాఖ మాత్రం తిప్పతీగ సురక్షితమేననీ, దాన్ని పోలిన వేరే జాతి తీగ అయ్యుండొచ్చనీ అంది. మా వేపచెట్టుకి పాకింది అసలుదో కాదో నేనెలా చెప్పను?

కషాయం మానేసి మూడు వారాలు. ఎస్‌జీపీటీ 85కి దిగింది, అన్నం సయిస్తోంది. పక్కింటి పిన్నిగారు మాత్రం ఇవాళ కూడా గోడమీంచి చెయ్యి చాపి ఓ మూర తీగ తెంపుకెళ్లారు. చెబితే, "మాకు పడుతుందిలే" అన్నారు.